నర్సవ్వ కుండలోని డెబ్బై పిడికిళ్లు

నా పేరు జయరాజ్. తండ్రి పేరు సాయన్న. వయసు నలభై ఏడు. బోధన్ తాలూకా ఎర్రకుంటలో ఉంటాను. చెరుకు కాటా దగ్గర తూకం చీటీలు రాస్తాను. బడికి పోలేదు, ఆ చీటీలు చూసే అక్షరాలు నేర్చుకున్నాను. 1956 నుంచి రోజువారీ లెక్క రాసుకుంటున్నాను. కింద చెప్పే తేదీలు ఆ పుస్తకాల్లోవే.

చనిపోయిన నర్సవ్వది మా పక్కిల్లు. చుట్టం కాదు, అక్కా అని పిలిచేవాణ్ణి. చెరుకు నరికే కూలి. భర్త సీమోను పోయి ఐదేండ్లు. పిల్లలు లేరు.

1971 జూన్ 12న హైదరాబాదు నుంచి రామ్‌దాస్ సారు వచ్చారు. ఆయన అర్థశాస్త్రం చదివినవారు. బీద ఇండ్లు ఎంత సంపాదిస్తాయి, ఎంత తింటాయి, ఎంత దాచుకుంటాయి అని ఏడాది పాటు లెక్క తీసి, ఎవరికి ఏ సాయం చేయాలో సర్కారుకు రాసివ్వడం ఆయన పని. నా పుస్తకాలు చూసి, మా ఊరి కూలీల ఇండ్లు ఇరవై నాలుగింటి లెక్క నాకు అప్పగించారు. నెలకు నలభై రూపాయలు.

"తినగా మిగిలింది పొదుపు కాదు జయరాజ్. తినకముందే పక్కకు తీసింది పొదుపు. అది కనపడితే వదలొద్దు" అన్నారు.

ఇరవై నాలుగులో పదిహేను చర్చి ఇండ్లు. మా చర్చి ఇండ్లలో ఆడవాళ్లు వంటకు గింజలు తీసినప్పుడల్లా ముందు ఒక పిడికెడు వేరే కుండలో వేస్తారు. అది దేవుని పిడికెడు. నెల మొదటి ఆదివారం సంఘ పెద్ద లింబయ్య వచ్చి తీసుకుపోతాడు. కుండలో పడ్డాక అది ఇంటివాళ్లది కాదు. ఈ సంగతి నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. తెలిసీ పొదుపు గడిలో రాసినాను. తినకముందు పక్కకు తీసినదే కదా అనుకున్నాను. ఏదీ వదలొద్దన్నారు కదా అనుకున్నాను.

ప్రతి శనివారం చిన్న తక్కెడతో కుండల్లోని గింజలు తూచి, పట్టికలో రాసి, కింద సంతకం పెట్టేవాణ్ణి. నర్సవ్వ నవ్వేది. "మెల్లగ తూయి తమ్మీ. మీ కాటా మీద తీసినట్టు తరుగు తీస్తే దేవుడు ఊకుంటడా?" అనేది. ఆమె కుండలో వారానికి పద్నాలుగు పిడికిళ్లు పడేవి. ఆరు వందల ముప్పై గ్రాములు. పిడికెడు నలభై ఐదు. ఏడాదిలో ఒక్క వారమూ తప్పలేదు.

1972లో వానలు పడలేదు. చెరుకు ఎండిపోయింది, నరికే పని లేదు. డిసెంబరు 11న చావడి గోడకు జాబితా అంటించారు. సారు పట్టికలు చూసి తయారు చేసిన జాబితా అది. పొదుపు లేని తొమ్మిది ఇండ్లకు ఉచిత జొన్నల కార్డులు. పొదుపు ఉన్న పదిహేను ఇండ్లకు పోస్టాఫీసు పాసుపుస్తకాలు. నర్సవ్వ పాసుపుస్తకం తెచ్చి నాకు చూపించింది. "ఇది ఉడికిస్తే ఉడుకుతదా తమ్మీ?" అన్నది.

డిసెంబరు 14న, 20న, జనవరి 3న తాలూకా కచేరీకి పోయినాను. మూడోసారి గుమాస్తా పట్టిక తీసి నా ముందు పెట్టాడు. "రాసింది నువ్వే, ఫిర్యాదు నీదేనా? రాసేటప్పుడు నిద్రపోయినవా?" అన్నాడు. జనవరి 5న, దేవుని పిడికెడు పొదుపు కాదని సారుకు పోస్టుకార్డు రాసినాను.

జనవరి 7న లింబయ్య కుండలు ఖాళీ చేసుకుపోయాడు. ఆ వారమే పని కోసం పూనా పోయాడు. మళ్లీ రాలేదు, కుండలు తీసుకుపోను వేరే ఎవరూ రాలేదు.

మార్చి 18న నర్సవ్వకు సోలెడు జొన్నలు ఇచ్చినాను. ఏప్రిల్ 6న సోలెడు. ఆ రోజు చెప్పినాను. "అక్కా, ఆ కుండల గింజలు వండుకో. దేవుడేమనడు."

"ఇచ్చినదాన్ని మల్ల అడుక్కుంటరా? నువ్వు గట్లనే రాసుకుంటివి గద, పక్కకు తీసిందని. పక్కకే ఉండనియ్యి" అన్నది.

ఏప్రిల్ 6 తర్వాత ఏమీ ఇవ్వలేదు. మా ఇంట్లో కూడా లేవు. ఆ తర్వాత ఎటు పోయినా వెనుక సందు నుంచి పోయినాను. ఆమె గుమ్మం ముందు నుంచి పోలేదు.

మే 9 ఉదయం ఆరు గంటలకు నా భార్య ఎల్లవ్వ నీళ్లు ఇద్దామని పోయి చూసింది. నన్ను పిలిచింది. నర్సవ్వ గోడవైపు తిరిగి పడుకొని ఉన్నది. ఒళ్లు చల్లబడింది. పొయ్యిలో బూడిద కూడా లేదు, ఊడ్చి ఉన్నది. కుండ మూతికి గుడ్డ కట్టి ఉన్నది.

ఇంట్లో గింజలున్నాయి కనుక ఆకలి చావు కాదని పంచనామాలో రాశారు. గింజలుండగా ఆకలి ఎట్లా అని విచారణకు వచ్చిన మీరు నన్ను అడిగారు. ఆ కుండలోని గింజలను మీ ముందే నేను తూచినాను. మూడు కిలోల నూట యాభై గ్రాములు. డెబ్బై పిడికిళ్లు. జనవరి 7 నుంచి మే 9 వరకు నూట ఇరవై రెండు రోజులు. రెండు పూటల లెక్కన రెండు వందల నలభై నాలుగు పిడికిళ్లు ఉండాలి. ఆమె వండితే పిడికెడు వేయకుండా వండదు. డెబ్బై పూటలే వండింది. నూట డెబ్బై నాలుగు పూటలు వండలేదు. ఇంతకంటే సాక్ష్యం నా దగ్గర లేదు.

అదే కుండను పొదుపు అని రాసిన కాగితం మీరు చూపించారు. ఆ చేతిరాత నాదే.

సారు జవాబు మే 14న వచ్చింది. పొరపాటు గ్రహించామని, ఈ లెక్కలతో అచ్చయిన తమ పుస్తకం రెండో ముద్రణలో సవరిస్తామని రాశారు. ఆ ఉత్తరం దీనికి జత చేస్తున్నాను.

పైదంతా నా నోటితో చెప్పి, మీరు రాసుకున్నది నేనే చదువుకొని, నిజమని సంతకం పెడుతున్నాను. పట్టికల కింద యాభై రెండు వారాలు పెట్టిన సంతకాలు కూడా నావే. అవి కూడా నిజమనే పెట్టినాను.

ఎర్రకుంట, 1973 మే 17, పగలు పదకొండు గంటలు.
(సంతకం) జయరాజ్