ఆఖరున మునిగినవాడు

తూము దగ్గర కోళ్లు కోయడం మానేస్తామన్న సంఘానికి కాలువలో మళ్లీ బాప్తిస్మమిచ్చి, కొత్త పాస్టరు సంబరంగా గట్టెక్కాడు. తువ్వాలు పట్టుకుని సంఘంలోని ముసలమ్మ నిలబడి ఉంది.

“ఆదివారం ప్రభువు గొర్రెలు, సోమవారం తూము దగ్గర కోళ్ల కోత. ఇక ఆ వేషాలు చెల్లవమ్మా. పాత మనిషిని నీళ్లలో పాతేశాం.”

“మంచిగయింది అయ్యగారు. ఆఖరుకు ముంచింది ఎవర్ని?”

“పేరడిగితే యోబు అన్నాడు. ఎంతసేపు నీళ్లలో ఉన్నాడో, చెయ్యి మంచుగడ్డలా ఉంది.”

“యోబు నా కొడుకు. పోయినేడు గా తూములనే మునిగి సచ్చిండు.”

పాస్టరు చెయ్యి తువ్వాలు దాకా వెళ్లి ఆగిపోయింది.

“మరి కోళ్లెందుకమ్మా?”

“రక్తం పోస్తే ఆడనే ఉంటడు, ఇంటికి రాడని.”

“ఇప్పుడెక్కడున్నాడు?”

“మీరే లేపితిరి గద. ప్రార్థన గుడిల ముందు వరుసల కూసున్నడు. కోళ్లు ఇంక కొయ్యం, మాటిచ్చినం. నడువుండ్రి, వాక్యం చెప్పాలె.”