డ్యూటీ దిగని చెయ్యి

ఇక తాము చెయ్యగలిగిందేమీ లేదని ఆసుపత్రివాళ్ళు అతన్ని ఇంటికి పంపేశారు. నర్సు ఉద్యోగం చేసే భార్య సాయంత్రం ఇంటికి రాగానే మంచం పక్కన కూర్చుని అతని చెయ్యి అందుకుంది. ఎలా పట్టుకున్నా ఆమె వేళ్ళు మణికట్టు మీదికే పోతాయని అతనికి తెలుసు.

“మళ్ళీ నాడి చూడ్డమేనా?”

“అలవాటండీ.”

“చెప్పులు గుమ్మం బయట విడిచావు కదా, ఆ డ్యూటీ కూడా అక్కడే విడిచి రాకూడదూ?”

“మధ్యాహ్నం ఆయాసం వచ్చిందా?”

“ఇదిగో, మళ్ళీ వార్డు గొంతు! నాకు నర్సు అక్కర్లేదే. కాసేపు నా పెళ్ళానివై కూర్చో.”

ఆమె దుప్పటి అంచు సర్దింది. అది అప్పటికే సరిగ్గా ఉంది.

“కోపమొచ్చిందా?”

“కోపం కాదండీ. నర్సునైతే ఎంతసేపైనా మీ పక్కన కూర్చోగలను. రోజూ చూసేదే కదా అని గుండె రాయి చేసుకుంటాను. పెళ్ళాన్నైతే...”

“అయితే?”

“ఈ గదిలోకే రాలేనండీ.”

 అతను మెల్లగా చెయ్యి తిప్పి, మణికట్టు ఆమె ముందుకు చాపాడు.

“సరేలే సిస్టరమ్మా, చూడు. ఎలా కొట్టుకుంటోందో చెప్పు.”