కోటిలింగం పెళ్ళానికి ఇల్లు చూసిన కథ

కోటిలింగానికి అనుమానం. దేని మీదంటారా, పెళ్ళాం మీద. ఆమేం తప్పు చేసిందని అడక్కండి, తప్పు చేస్తే దాన్ని అనుమానం అనరు గదా. ఆమె పేరు సౌభాగ్యం. ఒకళ్ళని పల్లెత్తు మాట అనే మనిషి కాదు, తలొంచుకుని తన పనేదో తాను చేసుకునే మనిషి. అయినా సరే, పాలు పోసేవాడు కొసరు కాస్త ఎక్కువ పోస్తే ఈడికి ఆ పూట అన్నం దిగదు. బస్సులో కండక్టరు ఆమె చేతికి టిక్కెట్టిస్తే, పక్కన నేనున్నాగా, నా చేతికి ఇవ్వొచ్చుగా అని ఊరొచ్చేదాకా గొణుక్కుంటాడంట. అట్టాంటోడికి ఏమైందంటే, సౌభాగ్యానికి బెజవాడలో కుట్టుపని దొరికింది. స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డు, కుట్టేవాళ్ళంతా ఆడోళ్ళే. ఒకటో తారీకుకి చేరాలి, లేకపోతే ఆ మిషను ఇంకొకళ్ళకిచ్చేస్తారు. ఈడికేమో చేలో పత్తి తీత ఉంది, అది అయ్యేదాకా ఊరు కదల్లేడు. అందాకా ఆమె ఒక్కతే ఉండాలి. ఒక్కతే! పోనీ వద్దందామా అంటే, పెళ్ళయ్యాక ఆ పిల్ల నోరు తెరిచి కావాలని అడిగింది అదొక్కటే. సరే పో, కానీ ఇల్లు నేను చూస్తా, వీధి మంచిదని నాకు తోస్తేనే నువ్వుండేది, లేదంటే ఉద్యోగం లేదు ఏం లేదు, మళ్ళీ బస్సెక్కటమే అన్నాడంట.

ఇద్దరూ బెజవాడలో దిగారు. ఇల్లు చూడటానికి పోతే ఎవురైనా ఏం చూస్తారు చెప్పండి? నీళ్ళొస్తన్నాయా, గాలి ఆడుద్దా, తలుపు గడియ గట్టిదేనా, ఇయ్యే గదా. ఈడు ఏ ఇంటి మెట్లూ ఎక్కలా. వీధి మొదట్లో నిలబడి మొగోళ్ళని చూశాడు. ఒక వీధిలో టీ కొట్టు ఉంది, కొట్టు ముందు నలుగురు నిలబడి టీ తాగుతున్నారు. మొగోళ్ళు టీ తాగుతున్నారు, ఇది మంచి పేట కాదు పద, అన్నాడు. ఇంకోచోట అయిదంతస్తుల అపార్ట్‌మెంటు, బాగుంది, చవకే. వాచ్‌మన్ ముసలాడు, ఎండన పడి వచ్చారు, మంచినీళ్ళు తాగమ్మా అన్నాడంట. అంతే. నా పెళ్ళాం దాహం సంగతి ఈడికెందుకు, ఇదీ మంచి పేట కాదు పద, అన్నాడు. మూడోచోట మొగపురుగే లేడు, హమ్మయ్య అనుకునేలోపు ఇంటావిడ, మా వాడు పై గదిలో బ్యాంకు పరీక్షలకి చదువుకుంటన్నాడమ్మా, అలికిడి చెయ్యకూడదు అంది. పద పద, ఇదసలే మంచి పేట కాదు. పచ్చకామెర్లోడికి లోకమంతా పచ్చనే. ఇట్టా మధ్యాన్నం దాకా తిప్పి తిప్పి, చివరికి ఒక కాలనీకి తీసుకుపోయాడు. పెద్ద పెద్ద గోడలు, మూసిన గేట్లు, వీధి ఈ చివరినుంచి ఆ చివరికి నరమానవుడు లేడు. ఈడి మొహం అప్పుడు విచ్చుకుంది. ఇదే సౌభాగ్యం, ఇదే మనకి భద్రం, ఎవుడూ నిన్ను చూడడు, ఎవుడూ పలకరించడు అన్నాడు. ఆమె నెమ్మదిగా గోడల వంక చూసి, గోడల మీద గాజుపెంకులు ఎందుకు గుచ్చారయ్యా, మేడ మీద కిటికీలకి కూడా ఇనప చట్రాలు ఎందుకు, ఈళ్ళు దేనికి భయపడతన్నారో ఈళ్ళనడిగి చెప్పు, అప్పుడు దిగుతా అంది. అడుగుదామంటే అడగటానికి మనిషి ఉంటేగా! రెండు గేట్లు కొట్టాడంట, కుక్క మొరిగింది తప్ప తలుపు తీసినోళ్ళు లేరు. చూశావా, పట్టపగలు పిలిస్తే పలకనోళ్ళు రేపు నేను కేక పెడితే వస్తారా, అంది సౌభాగ్యం.

ఇంక ఆమె ముందు నడిచింది, ఈడు వెనక నడిచాడు. ఆమె చూసే తీరు వేరు. దండేల మీద ఆరేసిన చీరలు చూసింది, సందె పడుతున్నా తియ్యకుండా ఉన్నాయా లేదా అని. ట్యూషన్‌కి పోయి ఆడపిల్లలు ఒంటరిగా ఇంటికొస్తన్నారా లేదా అని చూసింది. అరుగు మీద కూచుని ఆడోళ్ళు చిక్కుడుకాయలు ఒలుస్తన్న ఒక సందులోకి తిరిగిందో లేదో, ఎవురమ్మా మీరు, యాడినుంచి, ఎవురి తాలూకు, పిల్లలెందరు అని ఒక పెద్దావిడ మొదలుపెట్టింది. తాయారమ్మ అని, అక్కడ ఒక ఇంటి కింది వాటాలో ఉంటది, పై వాటా అద్దెకి ఖాళీగా ఉంది. ఈడికి ఒళ్ళు మండిపోతంది, ఆమెకేమో పుట్టింటికొచ్చినట్టుంది. నేనుండేది ఇక్కడే అంది. నెలాఖరు, పొద్దు పోతంది, ఇంకో దారి లేదు. కోటిలింగం పళ్ళు నూరుకుంటా ఒప్పుకున్నాడు. తిరిగి పోయేటప్పుడు ఏమైందంటే, సందు మొదట్లో ఇస్త్రీ బండి నూకరాజు అని ఉన్నాడు, ఆయన బొగ్గులు విసురుకుంటా, దిగులు పెట్టుకోకన్నా, చెల్లెమ్మని మేం చూసుకుంటాంలే అన్నాడంట. చెల్లెమ్మ అన్నది ఈడికి వినపళ్ళా. చూసుకుంటాం అన్నది ఒక్కటే వినపడింది. చూసుకుంటాడంట! బస్సులో అదే మాట, ఇంట్లో అదే మాట, చేలో పత్తి తీస్తంటే అదే మాట. చూసుకుంటాడంట, చూసుకుంటాడంట. ఫోన్ చేస్తే ఆమె వెనక నవ్వులు వినపడతన్నాయి. ఎవురా నవ్వేదంటే, ఎదురింటి వదినె అంటది. వదినె పక్కన ఇంకెవురున్నారో! అనుమానం పెనుభూతం అని ఊరికే అన్లేదు, అది పట్టినోణ్ణి తిననివ్వదు, పండనివ్వదు. ఆఖరికి పత్తి సగం చేలోనే వదిలేసి, ముద్దుగా పెంచుకున్న మీసం తీయించేసి, తలకి తువాల చుట్టి, పెళ్ళానికి చెప్పకుండా బెజవాడ బస్సెక్కాడు.

సందులోకొచ్చి, ఆమె ఇంటి మెట్లు కనపడేట్టు ఎదురు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇంకా ఊపిరి కూడా పీల్చుకోలా, మేడ మీంచి ఒకావిడ, ఎవురు కావాలయ్యా అంది. ఎవురూ వద్దమ్మా, నీడకి నిలబడ్డా అన్నాడు. నాలుగడుగులు పక్కకి జరిగాడు. అక్కడ బియ్యం చెరిగే ఆవిడ, ఎవురు బాబూ అంది. మంచినీళ్ళ క్యాన్లేసేవాణ్ణి అన్నాడు. క్యాన్లేవీ అంది. వస్తన్నాయి అన్నాడు. ఇంకాస్త జరిగితే నూకరాజు, ఏంది బాబాయ్ చాలాసేపట్నించీ తిరగతన్నావు అన్నాడు. అద్దెకి ఇల్లు చూడ్డానికొచ్చా అన్నాడు. అదన్నమాట. ఒక్క సందులో మూడు అబద్ధాలు. ఆ మూడు మాటలూ మేడ మీంచి అరుగు మీదికి, అరుగు మీంచి బండి దగ్గరికి చేరటానికి ఎంతసేపు పడుద్ది? ఆడోళ్ళంతా బిలబిలా దిగి చుట్టూ మూగారు. తాయారమ్మ చేతిలో రోకలి. ఒంటరిగా ఉండే పిల్ల మెట్ల వంక గంటసేపు ఏం చూస్తన్నావురా అంది. ఈడు బిక్కచచ్చిపోయి, అమ్మా, నేను సౌభాగ్యం మొగుణ్ణమ్మా అన్నాడు. ఓరి నీ దుంపతెగ, ఆ పిల్ల మొగుణ్ణి మేం చూళ్ళేదనుకున్నావా, ఆయనకి ఇంత మీసం, ఆయనే అయితే తిన్నగా మెట్లెక్కి తలుపు తట్టడా అన్నారు. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఇస్త్రీ బండి పక్కన కూచోబెట్టారు, పిల్ల షెడ్డు నుంచి వచ్చి చెప్పేదాకా కదలటానికి లేదన్నారు. ఒకావిడ టీ మాత్రం ఇచ్చిందిలే. దొంగైనా ఎండన పడి ఉన్నాడుగా.

పొద్దు వాలింది. సందు మలుపులో సౌభాగ్యం కనపడింది. ఒక్కతే వస్తంది. చేతి సంచి ఊపుకుంటా, ఆ గుమ్మంలో ఒక మాట ఈ గుమ్మంలో ఒక మాట అంటా, నవ్వుకుంటా వస్తంది. ఆమెకి అంత నవ్వుందని ఈడికి తెలీదు. ఇంట్లో ఎప్పుడూ చూళ్ళా. అప్పటిదాకా ఎవుడో ఒక మొగోడి మీద ఏడ్చినోడికి, ఆ పూట ఆ సందు మీద, సందులో అరుగుల మీద, ఆమె పలకరించిన పిల్లిపిల్ల మీద కూడా ఏడుపొచ్చింది. నాకు దక్కని నవ్వు ఈళ్ళందరికీ పంచతంది అనుకున్నాడంట. ఆమె దగ్గరికొచ్చింది, చూసింది. తలకి తువాల చుట్టుకున్నా, మీసం లేకపోయినా, కట్టుకున్నోణ్ణి గుర్తుపట్టలేదా? పట్టింది. నవ్వు ఆగిపోయింది. అవును పిన్నిగారూ, మా ఆయనే అంది.

సందంతా గొల్లుమంది. తాయారమ్మ రోకలి పక్కనబెట్టి, అయ్యో నాయనా అల్లుడివా, సరే అయితే, పిల్ల ఇక్కడ దిగాక మొదటిసారి వచ్చావు, పేరు చెప్పిగాని గడప దాటనివ్వం అని మెట్లకి అడ్డంగా నిలబడింది. మన పెళ్ళిళ్ళలో ఆడబిడ్డలు గుమ్మానికి అడ్డం నిలబడి మొగుడి చేత పెళ్ళాం పేరు, పెళ్ళాం చేత మొగుడి పేరు చెప్పిస్తారు చూడండి, ఆ సరసం. కోటిలింగానికి ప్రాణం లేచొచ్చింది. నవ్వులాటకి తిరిగింది, బయటపడ్డాననుకుని నోరు తెరిచాడు. అప్పటికే మెట్లెక్కి తలుపు తీసిన సౌభాగ్యం, పైనుంచే, గొంతు పెంచకుండా అంది. పేరొద్దులే పిన్నిగారూ, పేరు అందరికీ తెలుసు. ఎందుకొచ్చాడో చెప్పి రమ్మనండి.

నూకరాజు బొగ్గులు విసరటం ఆపేశాడు. ఈడు ఆ మొదటి మెట్టు మీద నిలబడ్డాడు. చూసిపోదామని వచ్చా అనొచ్చు, కానీ అబద్ధాలు ఆ సందులో అప్పటికే మూడు చెల్లలా. పైన గుమ్మంలో ఆమె నిలబడి ఉంది, తలుపు తీసే ఉంది, ఏడవటం లేదు, తిట్టటం లేదు, ఊరికే చూస్తంది. అనుమానంతో వచ్చా అన్నాడంట, నేలకేసి చూస్తా. తాయారమ్మకి కాస్త చెవుడు, వినపళ్ళా నాయనా, గట్టిగా చెప్పు అంది. నా పెళ్ళాం మీద అనుమానంతో వచ్చా అన్నాడు గట్టిగా. మేడ మీదోళ్ళకి కూడా వినపడింది. సౌభాగ్యం పక్కకి తప్పుకుంది. రా, కాళ్ళు కడుక్కో, అన్నం తిందువుగాని అంది.

మారాడా అంటారా? నాకేం తెలుసు, నేనేమన్నా ఆళ్ళింట్లో కాపరం ఉన్నానా. మిగిలిన పత్తి తీసేసి తనూ ఆ సందుకే పోయాడని మాత్రం విన్నా. ఏరా, ఆ మూల కూచుని కిసుక్కుమంటన్నావు, నవ్వటం కాదు. ఆ మెట్టు మీద నిలబడి, సందంతా వింటంటే, నా లోపల ఇదుంది అని నోరు విప్పి చెప్పి గుమ్మం దాటగలిగిన మొగోళ్ళు ఇక్కడ ఎంతమందున్నారో చేతులెత్తండి. చూడండమ్మా చూడండి, ఒక్క చెయ్యి లేస్తే ఒట్టు.