తలుపు

పొద్దుటి నుంచీ ఆకాశం ముసురు పట్టి ఉంది. శరణార్థుల వసతి హాల్లో, దుప్పటి అడ్డం కట్టుకున్న ఒక మూల, కొత్తగా వచ్చిన భార్యాభర్తలు మాట్లాడుకుంటున్నారు.

"కాపురాలు నిలబెట్టే క్లాసుకెళ్లావుగా, ఏమన్నారే?"

"మీ కాపురానికి ఏం లోటని మేడమ్ అడిగింది. తలుపు లేదన్నాను."

"బాగా చెప్పావు. ఇస్తారటా?"

"మనసు తలుపులు తెరుచుకోండి అంది. అందరూ చప్పట్లు కొట్టారు."

"థూ!"

"చెక్క తలుపండీ, గడియ ఉండేది అన్నాను. నవ్వేసి, రోజూ మనసు విప్పి మాట్లాడుకోండి అంది."

"ఎక్కడ విప్పేది? రాత్రి నేను దగ్గితే పక్కాయన మందు పేరు చెప్పాడు!"

"మెల్లగా మాట్లాడయ్యా."

దుప్పటి అవతల నుంచి జవాబొచ్చింది: "పర్లేదమ్మా, మేమూ గడియే అడిగాం."

ఆమె కంచం అతని ముందుకు జరిపింది. నమిలే చప్పుడైనా అవతలికి పోకుండా ఇద్దరూ తిన్నారు.