మంగళవారం, శుక్రవారం పలకని ట్రాక్టరు

“తాతా, ట్రాక్టరు పని మొదలుపెట్టినప్పుడు నీ చేతిలో ఎంత ఉన్నింది?”

నాలుగు నూర్ల పది రూపాయలు. ఆ ఫోను పట్టుకుందా పాపా, నా మాట? సరే. నాలుగు నూర్ల పది. కృష్ణగిరిలో మామిడికాయల మండీలో రెండు సీజన్లు కాయలు లెక్కపెట్టే పని చేసినాను. బండి దించేటప్పుడు చేతికి మూడు, చేతికి మూడు అని ఎత్తేస్తా ఉంటారు, పక్కన నిలబడి నోటితోనే లెక్క చెప్పాల. వెయ్యి కాయలకి ఒక్క కాయ కూడా తప్పేవాణ్ణి కాదు. ఆ దుడ్డు అది. పందొమ్మిది నూర్ల డెబ్బై ఐదు దాటినాక అనుకో. అప్పుడు కృష్ణగిరి నుంచి హొసూరికి బస్సు చార్జీ... రెండు రూపాయలో, రెండుంపావలానో. మీ అమ్మమ్మని అడిగితే పైసలతో సహా చెప్తాది. ఆ యమ్మకి నాకంటే గట్టి జ్ఞాపకం.

అప్పుడు నేను బేరిగైలో మా అక్క ఇంట్లో ఉండేది. మా బావ మంచోడే గానీ నోరు ఊరికే ఉండేది కాదు. ఊరు దాటితే గౌరమ్మ అని ఒకామె తోట. వాళ్ళాయన పోయి ఏడాదిన్నర అయింది. ఆయన పెట్టిపోయిన పాత ట్రాక్టరొకటి షెడ్డులో ఉన్నింది. ఇప్పటి డీజిలు బండి కాదు పాపా. కిరసనాయిలుది, దొరల సీమ నుంచి ఓడలో వచ్చింది. పెట్రోలు పోసి స్టార్ట్ చేసి, ఇంజను కాగినాక కిరసనాయిలుకి మార్చాల. దానికి స్కూటరు మాదిరి ప్లగ్గులుంటాయి, నాలుగు. ముందర హ్యాండిల్ పెట్టి తిప్పాల. తప్పుగా పట్టుకుంటే వెనక్కి తన్ని మణికట్టు ఇరిచేస్తాది. ఇదో చూడు, ఈ బుడిపె అదే. కాదు కాదు, ఇది సైకిలు మీద నుంచి పడినప్పుడు అయింది. అది ఈ చెయ్యి.

ఆ బండిని గౌరమ్మ పాత ఇనుము కొనే గుజరి అంగడాయనకి మాటిచ్చేసింది. నేను పోయి అడిగినాను. “అమ్మా, దాన్ని నడిపిస్తా. ఊర్లో దున్నకాలకి బాడుగకి తోలి, వచ్చిందాంట్లో సగం నీకిస్తా. ఇనుముకెందుకు వేస్తావు” అని. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

“నీకు మెకానిక్ పని వస్తాదా అప్పా?”

“రాదమ్మా. లెక్కలొస్తాయి.”

ఆమెకి నవ్వొచ్చింది. “సరే, ఈ దినం శుక్రవారం. పదిహేడో దినం ఆదివారం లారీ వస్తాది. అంతలోపల, నేను ఎప్పుడు తిప్పమంటే అప్పుడు పలకాల. ఒక దినం పలికి ఒక దినం అలిగే బండి నాకొద్దు. ఆయన పోయినప్పట్నుంచి అదే పని చేస్తాంది.”

అంతే. బండి పలికితే నాకొక బతుకుతెరువు. పలకలేదంటే అది ముక్కలైపోయి లారీ ఎక్కుతాది, నేను మళ్ళా మండీలో కాయలు లెక్కపెట్టుకుంటా ఉండాల. వయసు ఇరవై రెండు, కండ్లు నెత్తి మీద ఉంటాయి కదా.

ఆ దినమే తిప్పినాను. నలభై తిప్పులు. దగ్గు కూడా రాలేదు. ఒక ప్లగ్గు ఊడబీకి, ఇంజను ఇనుముకి ఆనించి మా బావని తిప్పమన్నాను. నిప్పురవ్వ సరిగ్గా రాలేదు. ఉంటే ఉంది, లేకుంటే లేదు. ప్లగ్గులే పోయినాయి అనుకున్నాను. శనివారం హొసూరికి పోయి నాలుగు కొత్తవి తెచ్చినాను, ఒక్కోటి పదకొండు. ఆదివారం బిగించి తిప్పితే, ఆరో తిప్పుకి బుడబుడమని పలికింది పాపా. సోమవారం నాలుగో తిప్పుకే. మా అక్క పాయసం చేసింది.

మంగళవారం మళ్ళా చచ్చింది.

మా బావ అరుగు మీద కూర్చుని, “నీకు లెక్కలొస్తాయి సరే, ఇంజనుకి రావు కదప్పా” అన్నాడు. పాయింట్లని ఉంటాయి, తెరుచుకుంటా మూసుకుంటా ఉంటే కరెంటు ఎగురుతాది. ఆ సందు సరిగ్గా ఉండాల. హొసూరు మెకానిక్ తావ దాన్ని కొలిచే గేజీ ఉండేది, మనకి యాడిది? పోస్టుకార్డు రెండు మడతలు పెడితే సరిపోతాదని ఆయనే చెప్పినాడు. కొత్త పాయింట్లు వేసి, కార్డు మడిచి పెట్టి సరిచేసినాను. గురువారం పలికింది. శుక్రవారం పలకలేదు. వైర్లు మార్చినాను. ఆది, సోమ పలికింది. మంగళవారం లేదు.

అప్పటికి నా దుడ్డు నూటికి దిగిపోయింది. ఊర్లో మాట పుట్టింది, మంగళ శుక్రవారాల్లో ఆ బండిని ఏదో పట్టుకుంటా ఉందని. మా బావ నిమ్మకాయ కట్టమన్నాడు. కట్టినాను కూడా. నవ్వద్దు, నువ్వైనా కడతావు.

బుధవారం సాయంత్రం ఏమీ మార్చలేదు. ఊరికే, కోపానికి, ఒక తిప్పు తిప్పినాను. పలికింది.

ఆడ తగిలింది నాకు. ఇన్ని దినాలు ఏదో ఒకటి మార్చినాక పలికితే, మార్చిందానివల్లే అనుకున్నాను. ఇప్పుడు ఏమీ మార్చకనే పలికింది కదా. షెడ్డు గోడ మీద మొదట్నుంచీ సుద్దముక్కతో రాసి పెట్టుకున్నాను, ఏ దినం, ఏ పొద్దు, ఎన్ని తిప్పులు అని. గురువారం ఆ గోడ ముందర కూర్చున్నాను. పలకనివి నాలుగు దినాలు. రెండు శుక్రవారాలు, రెండు మంగళవారాలు. ఒక్కటి కూడా అటు ఇటు పోలేదు. ఇంజనుకి వారం ఎట్ల తెలస్తాది? దానికి తెలీదు. వారం తెలిసినోళ్ళు ఎవరో దాని దగ్గరికి వస్తా ఉన్నారు. నేను రోజూ సంగటి తిని తొమ్మిదికి పోయేవాణ్ణి. తొమ్మిదికి ముందర ఏం జరుగుతాదో నాకు తెలీదు.

పదిహేనో దినం, శుక్రవారం. తెల్లారేసరికి సైకిలేసుకుని పోయినాను. గౌరమ్మ తలకి పోసుకుని, తట్టలో పసుపు కుంకుమ, చిన్న చెంబుతో పాలు తీసుకుని షెడ్డులోకి వచ్చింది. ఇంజను పక్కన నల్ల మూత ఒకటి ఉంటాది పాపా, నాలుగు ప్లగ్గులకీ కరెంటు పంచేది. దాంట్లో నుంచి ఐదు వైర్లు పైకి లేచి వంగి ఉంటాయి. నాలుగు ప్లగ్గులకి, ఒకటి కాయిలుకి. ఆమె ఆ మూతకి పసుపు పూసింది, కుంకుమ పెట్టింది, మీద పాలు పోసింది. రెండు చేతులెత్తి మొక్కింది.

ఐదు తలల నాగప్ప అంట. ఆయన పోయినాక బండి ఒకసారి మొరాయిస్తే, చూసి ఆమెకి అట్ల తోచింది. మొక్కడం మొదలుపెట్టింది. మొరాయించే కొద్దీ పాలు ఎక్కువ పోసింది. పాలు ఎక్కువయ్యే కొద్దీ అది మొరాయించింది. కరెంటు ప్లగ్గుకి పోకుండా ఆ తడి పసుపు మీదనే ఇనుములోకి పాకిపోతా ఉండింది. ఆరినాక మళ్ళా సరిపోయేది.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. నాకు కనపడలేదా అని. కనపడకేం? పసుపు, కుంకుమ దినమూ చూసినాను. చూసి, కండ్లకద్దుకుని పని మొదలుపెట్టినాను. బండన్నాక బొట్టు ఉండదా? పుల్ల వాసన కూడా వచ్చింది. పాత పెట్రోలు అనుకున్నాను.

ఇప్పుడు చెప్పేదెట్ల? నీ పూజే బండిని ఆపతా ఉందమ్మా అంటే, ఆ ఆదివారం దాకా కూడా ఆగకుండా నన్ను పంపించేస్తాది. చెప్పకుంటే లారీ వస్తాది. చెప్పులు విడిచి, దూరంగా నిలబడి, గోడ మీది లెక్క మొత్తం చదివినాను. ఆమె తట్ట కింద పెట్టి వినింది.

చివరికి అనింది. “అంటే ఏడాదిన్నరగా దీన్ని నేనే పండబెట్టినానా?”

“నువ్వు మొక్కింది తప్పు కాదమ్మా. ఆ తావు తడవకూడదు, అంతే.”

“ఈ దినం శుక్రవారమే కదా. ఇప్పుడే తుడువు. ఇప్పుడే పలకాల. పలికితే నమ్ముతాను.”

మూత ఊడదీస్తే లోపలికి దిగిన పాలు ఇంకా ఆరలేదు. పెట్రోలు గుడ్డతో తుడిచినాను. ఆమె వంటింట్లోకి తీసుకుపోయి, పొయ్యి పక్కన తానే ఆరబెట్టింది. మళ్ళా తెచ్చి నా చేతికిచ్చేటప్పుడు, తెలుసా, కండ్లకి అద్దుకునే ఇచ్చింది. బిగించినాను. ఒకటి. రెండు. మూడు. మూడోదానికి షెడ్డు రేకులు అదిరినాయి.

గౌరమ్మ కుంకుమ తట్ట ఎత్తుకుని, “మరి నాగప్పకి యాడ పెట్టాల?” అని అడిగింది. ముందర బానెట్టు చూపించినాను. ఆడ పెట్టింది. పాల చెంబులో మిగిలింది నాకిచ్చి తాగమనింది. “గుజరి ఆయనకి నేను కబురు పంపుతాలే. నువ్వు పో. షెడ్డు ముందర ఉండే మన కింది చేనే మొదట దున్ను, నేను గట్టు మీద కూర్చుని చూస్తా.”

నువ్వు కూడా ఏదో మొదలుపెడతానని మీ అమ్మ చెప్పింది. చెయ్యి తల్లీ. నీ చేతికి ఏది దొరికినా అది పలకనీ, నీ ముందర దారి తడబడకుండా పోనీ. ముందే అన్నీ వచ్చి ఉండాలని లేదు. నేను చెప్తా ఉండేదీ అదే కదా. ఆ శుక్రవారం బండెక్కి సీటు మీద కూర్చున్నాను. ఇంజను కొట్టుకుంటా ఉంది. ఆమె గట్టు మీద చేరింది. మా బావ వచ్చినాడు, ఊర్లో సగం మంది వచ్చినారు. పదిహేను దినాలు స్టార్ట్ చేసేది ఒకటే చూసుకున్నాను గానీ, నా బతుకులో ఎప్పుడూ ట్రాక్టరు తోలిందే లేదు.

“ఏమప్పా, కదలవు?” అనింది గౌరమ్మ.

“ఇదో పోతానమ్మా” అని క్లచ్చి తొక్కినాను. తొక్కి, మొదటి గేరు యాడుందా అని చేత్తో తడుముకుంటా...