భుజంగరావు కట్టిన దారం

భుజంగరావా? ఆ పేరు నీకు యాడ దొరికింది ఛాయమ్మా? ఓ, మీ ఇంటి ఓనరు పత్రంలో అడుగున ఉండెనా, రాసినవాడు భుజంగరావు అని. ఉంటాది. ఇక్కడ్నించి సర్జాపుర దాకా సగం జాగాలకి ఆయప్ప చేతిరాతే. కూచో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతాది, ఇట్లొచ్చి కూచో. సర్జాపురలో రిజిస్ట్రారాఫీసు ఎదురుగా రేకుల షెడ్డు, దాంట్లో ఆయప్ప పత్రాలు రాస్తా ఉండె, నేను పక్కన కూచోని నకళ్ళు రాస్తా ఉంటి. ఇరవై రెండేండ్లు. ఇరవై రెండేండ్లూ నా తల తినేసినాడు. మిగతా రాసేవాళ్ళు గంటకి రెండు పత్రాలు ముగిస్తే, ఈయప్ప రోజుకి ఒకటి. ఏంటికంటావా? జనం వచ్చి "సామీ, క్రయపత్రం రాయాల, పదకొండు గంటల బస్సు పోతాది సామీ" అంటే, ఈయప్ప కండ్లద్దాలు తీసి తుడుచుకుంటా "ఉండప్పా, మీ అమ్మది యా ఊరు? మీ చిన్నాయన ఏంటికి అలిగి పోయినాడు?" అంటాడు. వాళ్ళు నా మొహం చూస్తారు, నేనేం చేసేది? సగం మంది లేచి పక్క షెడ్డుకి పోతా ఉండ్రి.

ఇంక ఆ కాగితాలు పెట్టే తీరు చెప్తా విను, నీకూ బేజారవుతాది. రాసిన ప్రతి పత్రానికీ ఒక నకలు మా షెడ్డులో ఉండాల. అంతవరకూ సరే. అయితే దాంతోపాటు ఆ ఇంటిది ఏ కాగితం దొరికితే అది, పెండ్లి పత్రిక, రేషన్ కార్డు నకలు, యాడికో రాయించిన జాబు, అన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎడమ మూల దబ్బనంతో పొడిచి, దారం కట్టి, ఎర్ర గుడ్డలో చుట్టి పెడ్తాడు. ఇంటికొక మూట. సంవత్సరం లేదు, నంబరు లేదు. ఇంకో పిచ్చి ఏందంటే, ఒకసారి రాసిన పేరు మళ్ళీ రాయడు. కింది కాగితంలో "పై కాగితంలో చెప్పినవాడే రాయించింది" అని రాస్తాడు. పైదాని అంచున "ఈ బిడ్డ ఎవరనేది కింద కట్టినదాంట్లో చూడు" అని రాస్తాడు. "పేరు రాస్తే మీ సొమ్మేం పోతాది సామీ" అని అడిగితే, "పక్కనే ఉండాది కదరా జయరామా, మళ్ళీ ఏంటికి? కాగితాన్ని ఒంటిగా పెట్టొద్దు, దానికి మాట రాదు" అంటా ఉండె. ఆ? మీ ఆఫీసులో కంప్యూటర్లోనూ అట్లే లింకు పెడ్తారా? పెట్టుకోండమ్మా, మీ లింకుని ఎవరన్నా బ్లేడు తీసుకోని కోస్తారా చెప్పు.

తొంభై ఐదులో ఆయప్ప పాయె. షెడ్డు నాకు వచ్చె. నేనేం చేస్తిని? ఒక ఇనుప బీరువా తెచ్చి, ఆ మూటలన్నీ విప్పి, బ్లేడుతో దారాలన్నీ కోసి పారేస్తిని. క్రయాలు ఒక తట్టు, భాగపత్రాలు ఒక తట్టు, వీలునామాలు ఒక తట్టు, సంవత్సరం ప్రకారం. మిగిలిన జాబులూ అవీ చిల్లర అని గోనెసంచిలో కుక్కితిని. వారం పట్టింది. అందరూ వచ్చి "ఏం నీటుగా పెట్టినావప్పా, ఇప్పుడు ఆఫీసు మాదిరి ఉండాది" అని చెప్పి పోయిరి. నాకూ ఎంత గర్వమో! ఇన్నేండ్లకి ఆ ముసలాయన గలాటా వదిలింది అనుకుంటిని.

రెండువేల మూడులో నేత్రావతి వచ్చింది. పెద్దమునియప్ప కూతురు. వాళ్ళు రాగులు పండించేవాళ్ళు, అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు పెద్దమునియప్ప ఇంటి వెనక జాగాని "నా కూతురు పుట్టికి" అని రాయించినాడు, నేత్రావతిని ఇంట్లో పుట్టి అనే పిలిచేవాళ్ళు. అదే జాగాలో ఆయమ్మ ఇల్లు. అపార్ట్‌మెంటు వాళ్ళు చుట్టూ జాగాలు కొంటామని అడుగుతా ఉంటే, చిన్నాయన కొడుకులు ఏం చెప్పిరి తెలుసా? "పుట్టి అనే పాప చిన్నప్పుడే సచ్చిపాయె, ఈయమ్మ ఎవరో, మా పెద్దనాయన యాడ్నించో తెచ్చి సాకినాడు" అని కోర్టులో చెప్పిరి. కండ్లతో చూసిన పెద్దోళ్ళు ఒక్కరూ మిగల్లేదు. ఆయమ్మ చదివిన బడే లేదు, దాని మీద నాలుగంతస్తులు లేసినాయి. ఆయమ్మ వచ్చి "జయరామన్నా, రావుగారి మూటలో మా నాయన కాగితం ఉంటాది" అనింది. భాగపత్రం ఐదు నిమిషాల్లో తీసిస్తిని, అంత నీటు కదా! దాని అంచున చూస్తే, పుట్టి ఎవరనేది కింద కట్టినదాంట్లో చూడు. కింద ఏముండాది? గాలి.

మూడు నెలలు ఆ గోనెసంచి దులిపితిని. దొరికింది అమ్మా, దొరకలేదని కాదు. హెడ్మాస్టరికి రాయించిన జాబు నకలు. "మా పాపకి బడిలో నేత్రావతి అని పేరు రాసుకోండి" అని ఉండాది. పుట్టి లేదు, పెద్దమునియప్ప లేదు. "పై కాగితంలో చెప్పినవాడే రాయించింది." అంతే! ఒక్క పేరు, ఒక్కటంటే ఒక్క పేరు రాసుంటే ఆ ముసలాయన చెయ్యి విరుగుతుండెనా? రెండు కాగితాలూ పట్టుకోని కోర్టుకి పోతిని. దబ్బనం బొక్కకి బొక్క సరిగ్గా సరిపోతా ఉండాది, ఎండకి పెట్టి చూపిస్తిని. వాళ్ళ లాయరు నవ్వె. "మీ బీరువాలో బొక్క లేని కాగితం ఒకటి చూపించండి" అనె. అన్నిటికీ అదే మూలలో బొక్క. ఆమేలె, అదంతా అయినాక, జడ్జి అడిగినాడు, నిదానంగానే అడిగినాడు, "ఇవి కలిపి కట్టినవైతే విప్పిందెవరు?" అని. నేనే సామీ అంటిని. అంత మంది ముందర.

జాగా పాయె. నా బాధ అది కాదు. బయట మెట్ల మీద కూచోని ఆయమ్మ నన్నొక్క మాట అనలేదు. తిట్టిందంటే సరిపోతుండె. "అన్నా, జాగా పోతే పోనీ. నువ్వెవరి కూతురివి అని ఇంక ఎవరన్నా అడిగితే నేనేమని చెప్పాల?" అనింది. 

ఆ నీళ్ళ మోటారు ఇంకా ఆడతానే ఉండాది చూడు, ట్యాంకు నిండి మెట్ల మీదికి కారుతాంది. పోయి ఆపమ్మా.