గోలిచ్చిన నూనె

నాచారంలో మోమోల బండి నడిపే మొగుడు రెండు నూనె డబ్బాలు తెచ్చి, మయోనైజ్ చేస్తున్న పెళ్ళాం ముందు పెట్టాడు.

"రెండెందుకు?"

"గానుగ పల్లినూనె మన పోరికి. ఇది బండికి."

"ఇది నిన్న మోమోలు గోలిచ్చిన మాడు నూనె గదా, నల్లగున్నది!"

"పాలల్ల పోసి మిక్సీ తిప్పితే తెల్లగైతది. ఎవడు సూస్తడు?"

"తినేటోళ్లంత స్కూలు పోరగాండ్లు. వాళ్లకు తల్లుల్లేరా?"

"లోకంల ఉన్నోళ్లందరు నీ బిడ్డలేనా? ఊకె నీతులు జెప్పకు, తిప్పు."

"తిప్పుత. కానీ తొలి గిన్నె నువ్వు తినాలె, నా ముందల."

"పిచ్చి లేసిందా? మొన్ననే నా గుండెల స్టెంట్ ఏసిన్రు. గసొంటి నూనె తింటే సస్తవని డాక్టర్ జెప్పంగ ఇనలేదా?"

ఆమె మిక్సీ జారు బోర్లించింది.

"నేను ఇన్న. నువ్వే ఇనలె."